రోవర్స్ కప్పుల నుంచి గచ్చిబౌలి దాకా: హైదరాబాద్ ఫుట్‌బాల్‌పై తెగని చర్చ

గచ్చిబౌలి స్టేడియంలో పెద్ద మ్యాచ్ ఏదైనా జరిగితే చాలు, ఒక పాత ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. 1950ల్లో దేశ ఫుట్‌బాల్‌ను ఏలిన నగరానికి ఆ ఆట ఎందుకు దూరమైంది? కోచ్ రహీమ్ సాబ్‌తోనే అంతా పోయిందని ఒకరంటారు. కలకత్తా క్లబ్బులు మన ఆటగాళ్లను తీసుకుపోయాయని మరొకరు. క్రికెట్ మింగేసిందని కొందరు, మైదానాలు కరిగిపోయాయని ఇంకొందరు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు పాత రోజులు తిరిగొచ్చాయన్న సంబరం కనిపించింది. నాలుగేళ్లు నిండకముందే ఆ క్లబ్బు దిల్లీకి తరలిపోయింది.

ఇన్ని మాటల మధ్య చర్చ చిక్కుపడింది. వైభవం ఎలా వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఎలా పోయిందన్నది మరొకటి, ఎలా తిరిగొస్తుందన్నది మూడోది. మూడింటినీ కలిపేసి ఒకే జవాబు వెతకడం వల్లే వాదన ముందుకు సాగడం లేదు. వాటిని విడదీసి, ఒక్కో వాదం బలమెంతో, బలహీనత ఎక్కడుందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

కప్పులే కొలమానమైన కాలం

మన దేశంలో ఫుట్‌బాల్‌కు జాతీయ లీగ్ 1996లో గానీ రాలేదు. అంతకుముందు వందేళ్లకు పైగా జట్ల గొప్పదనాన్ని తేల్చినవి నాకౌట్ కప్పులే. 1888లో సిమ్లాలో డ్యూరాండ్, 1891లో బొంబాయిలో రోవర్స్, 1893లో కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ మొదలయ్యాయి. మొదట్లో ఈ పోటీలు బ్రిటిష్ పటాలాల సొంత వ్యవహారం. 1911లో మోహన్ బగాన్ షీల్డ్ గెలిచి ఆ గోడకు తొలి గండి కొట్టింది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ రోవర్స్‌ను, 1940లో మహమ్మదన్ స్పోర్టింగ్ డ్యూరాండ్‌ను గెలుచుకున్నాయి. తర్వాత యుద్ధం, దేశ విభజనల వల్ల డ్యూరాండ్ ఆగిపోయి 1950లో దిల్లీలో మళ్లీ మొదలైంది.

కప్పుల ఆధారంగా జట్లను తూచడంలో ఒక చిక్కుంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లోనూ ఇదే చిక్కు కనిపిస్తుంది. అక్కడి ఆట వేరు, సమస్య ఒకటే. 1902లో పాసడీనాలో మొదలైన రోజ్ బౌల్ వంటి ఆహ్వాన పోటీలే అక్కడ చాలాకాలం జట్ల ప్రతిష్ఠను నిర్ణయించాయి. ఒక్క రోజు ఆటను బట్టి ఒక జట్టును గొప్పదనడం సబబేనా అన్న అనుమానం అలాంటి పోటీలన్నిటినీ వెంటాడుతుంది. నాకౌట్‌లో ఒక పొరపాటు గోలు, ఒక వాన, ఒక గాయం ఫలితాన్ని తలకిందులు చేయగలవు. కాబట్టి ఒక కప్పు గెలిచిన జట్టు గురించి వాదించుకోవచ్చు. వరుసగా ఐదు గెలిచిన జట్టు విషయంలో ఆ వాదనకు చోటు లేదు.

రికార్డు ఏం చెబుతోంది?

ఆ ఐదు కప్పుల జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 వరకు ఏటా రోవర్స్ కప్పును బొంబాయి నుంచి హైదరాబాద్‌కు తెచ్చింది. 1957లో మరోసారి గెలిచింది. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు, అంటే 1950 నాటిది, మోహన్ బగాన్‌ను ఓడించి ఈ జట్టే అందుకుంది. 1954లో రెండోసారి గెలిచింది. 1952, 1956 ఫైనల్స్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడింది. 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి మూడో డ్యూరాండ్ తీసుకుంది.

లెక్కలో తేడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నాళ్లకు జట్టు పేరు ఆంధ్ర పోలీస్‌గా మారింది. ఆ పేరుతో 1960లో, 1963లో రోవర్స్ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి సంయుక్త విజేతగా నిలిచింది. 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి నాలుగో డ్యూరాండ్ అందుకుంది. పాత పేరుకే లెక్క కడితే రోవర్స్ కప్పులు ఆరు, డ్యూరాండ్‌లు మూడు. రెండు పేర్లనూ కలిపితే రోవర్స్ తొమ్మిది, డ్యూరాండ్‌లు నాలుగు. ఆటగాళ్లు, శిక్షణ, ఆటతీరు పాత జట్టు నుంచి సంక్రమించినవే కనుక రెండో లెక్కే సబబు. 1962 నాటి ఉమ్మడి విజయాన్ని మాత్రం ఉమ్మడిదిగానే చెప్పడం నిజాయితీ.

పోలీస్ జట్టు ఒంటరి శిఖరం కాదు. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత బృందంలో అజీజ్, నూర్ మహమ్మద్, సలామ్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్ వంటి వారు జంటనగరాల నుంచి వెళ్లినవారే. ఒక నగరం నుంచి ఒకే బృందంలోకి ఇంతమంది వెళ్లారంటే ఆ వెలుగు ఒక్క జట్టుది కాదు, దాని వెనుక ఉన్న నగరానిది.

వైభవానికి మూడు వివరణలు

*మొదటిది: ఒక గురువు కథ.* సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఆ జట్టుకు ఆడారు, నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పారు. ఒకవైపు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, మరోవైపు సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా పనిచేశారు. 1951 దిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ గెలిచిన స్వర్ణాలు రెండూ ఆయన శిక్షణలోనివే. బంతిని కాలి దగ్గర దాచుకోకుండా వెంటనే అందించడం, బలహీనమైన కాలితోనూ ఆడగలగడం అలవాటయ్యేలా కుర్రాళ్లకు ప్రత్యేక పోటీలు పెట్టేవారు. ప్రపంచ ఫుట్‌బాల్‌లో వస్తున్న వ్యూహాలను చదివి, వాటిని మన ఆటగాళ్లకు తగినట్టు మలిచారు. ఈ వాదానికి బలం కాలక్రమమే. ఆయన ఉన్నన్నాళ్లూ కప్పులు వచ్చాయి. 1963 జూన్ 11న కేన్సర్‌తో ఆయన కన్నుమూశాక జాతీయ జట్టు మళ్లీ ఆసియా స్వర్ణం చూడలేదు.

*రెండోది: సంస్థల కథ.* రహీమ్ ఎంత గొప్పవారైనా, ఆయన చేతికి అందిన ఆటగాళ్లకు నెల జీతం ఇచ్చింది పోలీసు శాఖ. ఆ రోజుల్లో బస్తీ కుర్రాడికి ఫుట్‌బాల్ అంటే మోజు ఒక్కటే కాదు, సర్కారు కొలువుకు దారి. జీతం, వసతి, రోజూ అభ్యాసానికి తీరిక దొరికాయి కాబట్టే పదకొండుమంది ఏళ్ల తరబడి కలిసి ఆడగలిగారు. వరుస కప్పుల రహస్యం ఆ కొనసాగింపులో ఉందని ఈ పక్షం అంటుంది. సైనిక జట్ల అనుభవం కూడా దీన్ని సమర్థిస్తుంది. సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి పెరిగిన తంగరాజ్ మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాకే దేశం మెచ్చిన గోల్‌కీపర్ అయ్యాడు.

*మూడోది: మైదానాల కథ.* కంటోన్మెంట్ ఉన్నందువల్ల సికింద్రాబాద్‌కు ఫుట్‌బాల్ పటాలాలతో పాటే వచ్చింది. పరేడ్ గ్రౌండ్స్, జింఖానా, ఫతే మైదాన్, అమ్ముగూడ, బొల్లారం చుట్టుపక్కల ఖాళీ స్థలాలు కుర్రాళ్లకు బడులయ్యాయి. పాతబస్తీ ముస్లిం కుటుంబాలు, కంటోన్మెంట్‌లో స్థిరపడిన తమిళులు, ఆంగ్లో-ఇండియన్లు, తెలుగువారు ఒకే లీగ్‌లో ఎదురెదురుగా ఆడారు. ఈ పక్షం దృష్టిలో రహీమ్ సృష్టికర్త కాడు, అప్పటికే పండి ఉన్న చేనును చక్కగా కోసిన రైతు.

మూడింట్లో ఏదీ అబద్ధం కాదు, ఏదీ ఒంటరిగా సరిపోదు. గురువు ఒక్కడే కారణమైతే సంతోష్ ట్రోఫీ ఆయన పోయాక 1965-66లో రాకూడదు. సంస్థ ఒక్కటే కారణమైతే, ఉద్యోగాలిచ్చిన పోలీసు జట్లు దేశమంతటా ఇలాగే గెలిచి ఉండాలి. మైదానాలే కారణమైతే, కంటోన్మెంట్ ఉన్న ప్రతి ఊరూ హైదరాబాద్ అయ్యేది. ఇక్కడ మూడూ ఒకదానికొకటి అందాయి. బస్తీ మైదానంలో మొదలైన కుర్రాడు స్థానిక లీగ్‌లో కనబడ్డాడు, గురువు చూశాడు, సంస్థ ఉద్యోగమిచ్చింది, కప్పు వచ్చింది. పేదరికం వల్ల రోజూ రాలేకపోతున్న బలరామ్‌కు రహీమ్ సైకిల్ అద్దె డబ్బులిచ్చి శిక్షణకు రప్పించారన్న ప్రసిద్ధ ఉదంతం విలువ కూడా అందులోనే ఉంది. దారిలో ఒక మెట్టు విరిగితే దాన్ని చేత్తో పట్టి నిలబెట్టే మనిషి అప్పుడు ఉన్నాడు.

క్షీణతపై నాలుగు వాదాలు

వలస వాదం అన్నిటికన్నా పాతది. కలకత్తా క్లబ్బుల డబ్బు, అక్కడి జనాదరణ హైదరాబాద్ ఆటగాళ్లను లాగాయి. బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ అక్కడే పేరు తెచ్చుకున్నారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు సారథి నయీముద్దీన్. ఇది నిజమే, కానీ పూర్తి జవాబు కాదు. ఎంతమంది వెళ్లినా వెనుక నుంచి కొత్తవారు వస్తూ ఉంటే నగరం ఖాళీ కాదు. వలస 1950ల్లోనే మొదలైనా కప్పులు 1963 దాకా వచ్చాయి. అసలు ప్రశ్న వెళ్లినవారి గురించి కాదు, రావడం మానేసినవారి గురించి.

పునర్విభజన వాదం రెండోది. హైదరాబాద్ సంస్థానం 1948లో భారత్‌లో విలీనమై, 1956లో కొత్త రాష్ట్రంలో భాగమయ్యాక, నగర జట్టుకు ఉన్న ప్రత్యేక ఆదరణ పలచబడిందని దీని సారాంశం. కొత్త పేరుతోనూ మూడు రోవర్స్ కప్పులు, ఒక డ్యూరాండ్ వచ్చాయన్నది దీనికి గట్టి అభ్యంతరం. అయితే సంస్థాగత ఆదరణ తగ్గిన ప్రభావం ఏడాదిలో కనబడదు, ఒక తరం గడిచాక కనబడుతుంది. అందుకే ఈ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం.

క్రికెట్ వాదానికి ప్రచారం ఎక్కువ, ఆధారం తక్కువ. ఫుట్‌బాల్ వెలిగిన రోజుల్లోనూ హైదరాబాద్ క్రికెట్ నగరమే. మొయినుద్దౌలా గోల్డ్ కప్ 1930ల నుంచి జరుగుతోంది. గులాం అహ్మద్ భారత జట్టుకు సారథ్యం వహించారు. జయసింహ 1959లో టెస్టుల్లోకి వచ్చారు. రెండు ఆటలూ పక్కపక్కనే బతికాయి. పైగా 1983 ప్రపంచ కప్పు, టీవీ ప్రభావం కోల్‌కతా, కేరళ, గోవాలకూ ఒకేలా వచ్చాయి. అక్కడ ఫుట్‌బాల్ నిలబడింది. క్రికెట్ ఇక్కడి ఫుట్‌బాల్‌ను చంపిందనే కన్నా, అప్పటికే బలహీనపడిన ఆట చోటును ఆక్రమించిందనడం సరైనది.

మైదానాల వాదం నాలుగోది. నగరం పెరిగిన కొద్దీ ఖాళీ స్థలం ఖరీదైంది. ఉన్న మైదానాల్లో కొన్ని సభలకు, కొన్ని ప్రదర్శనలకు వాడుకయ్యాయి. దీనితో పాటు సంఘాల్లో కుమ్ములాటలు పెరిగి స్థానిక లీగ్ క్రమం తప్పింది. కుర్రాడు ఆడే చోటు, ఆడి కనబడే పోటీ రెండూ తగ్గాయి. పై మూడు వాదాలు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు, అంటే కొత్తవారు ఎందుకు రాలేదన్నదానికి, నేరుగా సమాధానం ఇచ్చేది ఇదొక్కటే.

గచ్చిబౌలి అధ్యాయం

1998లో ఐటీ సముదాయం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక నగరం బరువు పడమటి వైపు మళ్లింది. ఆటల బరువు కూడా మళ్లింది. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కట్టిన అథ్లెటిక్ స్టేడియానికి, ఆ ఏడాదే హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్‌లో భారత్ ఫైనల్‌కు చేరి ఉజ్బెకిస్తాన్ చేతిలో ఓడింది. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది, సిరియా గెలిచింది. అదే ఏడాది డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కూ అదే వేదిక. కేరళను 1-0తో ఓడించి బెంగాల్ తన 33వ టైటిల్ అందుకుంది.

క్లబ్బు కథ మరోలా సాగింది. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడి గచ్చిబౌలిని సొంత మైదానం చేసుకుంది. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక జట్టు కుదురుకుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసి పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపి కప్పు తెచ్చాడు. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. హైదరాబాద్ పేరున్న జట్టు దేశ విజేత అయిన ఆ ఏడాది గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా లేదు. మరుసటి సీజన్‌లో జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, ఫిఫా విధించిన బదిలీ నిషేధం, ఆటగాళ్ల నిష్క్రమణ వరుసకట్టాయి. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు దిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ దిల్లీ అయింది.

మరోవైపు నగర శివార్లలోని డెక్కన్ అరీనాను ఇంటిగా చేసుకున్న శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానం సాధించింది. మాదాపూర్, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌లు వెలిశాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు షిఫ్టు దిగి రాత్రిపూట లైట్ల వెలుగులో ఆడుతున్నారు. ఆట మీద ప్రేమ ఈ ఐటీ కారిడార్‌లో లేదని ఎవరూ అనలేరు. కానీ అద్దె చెల్లించగలిగినవారి చోటు అది. బలరామ్ లాంటి కుర్రాడికి అక్కడ తలుపు తెరుచుకోదు.

తులనాత్మక సారాంశం

ఇంతవరకు చూసినదాన్ని పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది.

- ఆటగాళ్లు: సిటీ పోలీస్‌కు ఆడినవారిలో ఎక్కువమంది జంటనగరాల మైదానాల్లో పెరిగినవారు. 2022 ఫైనల్‌ను నిలబెట్టిన కట్టిమణి, సమం చేసే గోలు కొట్టిన సాహిల్ తవోరా గోవా వారు. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచిన ఒగ్బెచే నైజీరియా ఆటగాడు.
- ఆదాయం: పోలీస్ జట్టు ప్రభుత్వ జీతంపై నడిచింది, నష్టాల భయం లేదు. క్లబ్బు పెట్టుబడిపై నడిచింది, పెట్టుబడి కుదేలైన రోజే కూలింది.
- కొనసాగింపు: అక్కడ ఒకే గురువు, ఒకే బృందం ఏళ్ల తరబడి. ఇక్కడ కొన్ని సీజన్లకే చెదిరిన జట్టు.
- వేదిక: అప్పుడు మైదానాలు ఎక్కువ, మంచి స్టేడియం లేదు. ఇప్పుడు మంచి స్టేడియం ఉంది, దాని వెనుక మైదానాలు లేవు.
- నగరానికి మిగిలింది: పోలీస్ జట్టు పోయాక కూడా హబీబ్, షబ్బీర్ అలీల తరం వచ్చింది. ఫ్రాంచైజీ వెళ్లాక ఖాళీ గ్యాలరీ మిగిలింది.

ఈ పోలిక ఫ్రాంచైజీని తప్పుపట్టడానికి కాదు. నాలుగో సీజన్ నాటికే దేశంలోని మొదటి రెండు జట్లలో నిలవడం చిన్న విషయం కాదు. నెపం క్లబ్బుది మాత్రమే అనడం కన్నా, క్లబ్బును నిలబెట్టగల పునాదిని నగరం సిద్ధం చేయలేదనడమే న్యాయం.

ఇంకా తేలనివి

మొదటి విషయం, పాత నమూనా ఈ రోజుల్లో సాధ్యమా అన్నది. ప్రభుత్వ శాఖ ఉద్యోగమిచ్చి జట్టును పోషించే పద్ధతి వృత్తి లీగ్‌ల కాలంలో పోటీకి తట్టుకోలేదని ఒక వాదం. పై స్థాయిలో అది నిజం. కింది స్థాయిలో, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి భరోసా ఇవ్వడంలో దానికి ప్రత్యామ్నాయం ఇప్పటికీ దొరకలేదన్నది ఎదురువాదం. ఇప్పుడున్న ఆధారాలతో రెండోదే ఎక్కువ బలంగా కనిపిస్తోంది.

రెండో విషయం, ఐటీ కంపెనీలు అప్పటి పోలీసు శాఖ పాత్ర పోషించగలవా అన్నది. డబ్బు, స్థలం, సామాజిక బాధ్యత నిధులు ఉన్నాయి. కానీ కార్పొరేట్ పోటీలు ఉద్యోగుల వినోదానికి పరిమితమవుతున్నాయి. చందానగర్, లింగంపల్లి, బోరబండ పిల్లలు ఆ గేటు దాటి లోపలికి రాగలరా అన్నదే అసలు పరీక్ష.

మూడో విషయం, గురువు పాత్ర. దీనికి జవాబు స్టేడియానికి కూతవేటు దూరంలోనే ఉంది. 2008లో పుల్లెల గోపీచంద్ గచ్చిబౌలిలో నెలకొల్పిన బ్యాడ్మింటన్ అకాడమీ సైనా నెహ్వాల్, పీవీ సింధులను ఒలింపిక్ పతకాల దాకా నడిపించింది. ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే క్రమశిక్షణతో పనిచేసే గురువుకు వ్యవస్థ తోడైతే ఏమవుతుందో ఈ కారిడార్ ఇప్పటికే చూసింది. ఫుట్‌బాల్‌కు పదకొండు మంది కావాలి, ఖర్చు వేరు, పద్ధతి వేరు. అయినా సూత్రం మారదు.

నాలుగోది, ఈ చర్చలో ఎప్పుడూ పక్కనే ఉండిపోతున్న మహిళల ఫుట్‌బాల్. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య జాతీయ జట్టులో ఆడుతోంది. స్వర్ణయుగం కథలన్నీ పురుషులవే. రాబోయే కథ కూడా అలాగే ఉండాలని నియమమేమీ లేదు.

తీర్పు

హైదరాబాద్ కప్పులు గెలవడానికి ఒక్క కారణం లేదు, పోగొట్టుకోవడానికీ లేదు. అయితే కారణాలన్నీ సమాన బరువైనవి కావు. గురువు లేని లోటును, వలసను, రాష్ట్రాల మార్పును, క్రికెట్ జోరును తట్టుకున్న నగరాలున్నాయి. పిల్లలు ఆడే మైదానం, క్రమం తప్పని స్థానిక లీగ్ లేకుండా ఫుట్‌బాల్ నిలిచిన నగరం మాత్రం లేదు. అందుకే మళ్లీ ఒక ఫ్రాంచైజీని తెచ్చుకోవడం కన్నా ముందు చేయాల్సిన పనులు మూడున్నాయి. గచ్చిబౌలి స్టేడియాన్ని చుట్టుపక్కల బడిపిల్లలకు రోజూ తెరవాలి. జంటనగరాల లీగ్‌ను ఏటా ఒకే తేదీలకు, వయసుల వారీగా జరపాలి. ఆ లీగ్‌లో రాణించినవారికి పోలీసు శాఖలోనో, కంపెనీల్లోనో శిక్షణతో కూడిన ఉపాధి చూపాలి. ప్రభుత్వం, ఫుట్‌బాల్ సంఘం, ఐటీ సంస్థలు కలిసి చేయగలిగిన పనులే ఇవి. రాబోయే పదేళ్లలో ఈ నగరం ఎన్ని కప్పులు తెచ్చిందని కాక, ఎంతమంది సొంత ఆటగాళ్లను తయారు చేసిందని అడుగుదాం. ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిన తరానికి మనం ఇవ్వగల నిజమైన గౌరవం అదే.